ప్రాసెసర్ మీద కుంకుమ

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు నాయనమ్మ బొట్టు పెట్టాలి. కుక్కరైనా, కుట్టుమిషనైనా, ఇన్వర్టరైనా అంతే. తడిపిన పసుపుతో ఒక చుక్క, దాని మీద చిటికెడు కుంకుమ. అందరి ఇళ్ళలోనూ ఉండేదే ఇది. మా ఇంట్లో మాత్రం నాన్న పట్టుబట్టి సాధించుకున్నది.

తాతయ్య గుళ్ళో అర్చకత్వం చేసేవారు. ఆయన పోయేసరికి నాన్నకి పదేళ్ళు. అప్పట్నించీ నాయనమ్మ శుభకార్యం అంటే వంటింట్లోనే ఉండిపోయేది. పిలిస్తే వచ్చేది, గోడవారగా నిలబడేది. నాన్నకి టీచరుద్యోగం వచ్చి మొదటి స్కూటర్ కొన్న రోజున కూడా అలాగే లోపలికి వెళ్ళిపోయిందట. నాన్న తాళంచెవి జేబులో వేసుకుని, "అమ్మ పెడితేనే బండి తీస్తాను" అని ఎండలో నిలబడ్డాడట. చాలాసేపటికి నాయనమ్మ కుంకుమ భరిణె పట్టుకుని బయటికొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మంచి చెయ్యి అంటే ఆవిడ చెయ్యే.

ఆ చేతికి నేనేం చేశానో ఇప్పుడు రాస్తున్నాను. పోయిన వైశాఖంలో జరిగింది. డైరీలో ఆ రోజు పేజీ ఉంది గానీ అందులో రాసింది నిజం కాదు.

నేను కంప్యూటర్ సైన్సు చదివాను. మా నూజివీడు క్యాంపస్‌లోనే, ఇంటికి రెండు మైళ్ళ దూరంలో హాస్టల్లో ఉండి చదివాను. కంప్యూటర్ లోపల ఏముంటుందో బొమ్మ గీయమంటే గీస్తాను. మూత మాత్రం ఒక్కసారీ విప్పలేదు. ల్యాబ్‌లో ముగ్గురికో మిషన్. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ పక్కవాళ్ళ చేతిలో ఉండేది, నేను రికార్డు రాసేదాన్ని. నా దస్తూరీ బాగుంటుందని వాళ్ళనేవారు. రికార్డు కింద పెట్టుకుని నవల చదువుకోవచ్చు కాబట్టి నేనూ ఒప్పుకునేదాన్ని. "నాకు రాదు" అని చెప్పాలన్నా నోరు తెరవాలి. ఆ నోరే నాకు లేదు. అందుకని ఇంట్లో అందరూ నాకు వచ్చనే అనుకున్నారు.

మా వదిన ఇంట్లో కూర్చుని ఒక స్టూడియో వాళ్ళకి పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు చేసిపెడుతుంది. అన్నయ్య ఉద్యోగం చింతలపూడిలో, ఆదివారాలు వస్తాడు. వైశాఖంలో ముహూర్తాల మీద ముహూర్తాలు. వదిన కంప్యూటర్ పాతది. ఒక్క వీడియో తయారవడానికి పూటంతా పట్టేది. స్టూడియో అతను ఫోన్లో, "మొత్తం మార్చక్కర్లేదండీ, బోర్డు అదే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి కొత్తది వేయించుకోండి" అన్నాడట. వదిన ఆన్‌లైన్లో తెప్పించేసింది.

"బిగించడానికి షాపుకెందుకు? మన ఇంజనీరు ఉందిగా" అంది వదిన నా భుజం మీద చెయ్యేసి.

నేను నవ్వాను.

రెండు రోజులు ఫోన్లో కూర్చుని చదివాను. చదవడం నాకు వచ్చిన పనే. ప్రాసెసర్ కింద వెయ్యికి పైగా సన్నటి పిన్నులుంటాయని, ఒక్కటి వంగినా అంతేనని, దాని మూలన ఉన్న బంగారు రంగు త్రికోణం, అది కూర్చునే సాకెట్ మూలన ఉన్న త్రికోణంతో కలవాలని, నొక్కకూడదని, దాని బరువుకి అదే దిగాలని అన్నీ రాసుకున్నాను. చేతిలో తెలియకుండా ఉండే కరెంటు దానికి తగలకుండా ముందు కేబినెట్ ఇనుము ముట్టుకోవాలని కూడా రాసుకున్నాను.

బయోస్ సంగతి దగ్గర ఆగాను. మదర్‌బోర్డులో ఉండే చిన్న ప్రోగ్రామ్ అది. స్విచ్ వెయ్యగానే ముందు మేలుకుని, బోర్డు మీద ఏమేం ఉన్నాయో చూసుకుని మిగతావాటిని లేపుతుంది. దాన్ని కొత్తగా మార్చుకోవాలా వద్దా అన్నదానికి బోర్డు తయారుచేసినవాళ్ళ పేజీలోనే ఇలా ఉంది: కంప్యూటర్ బాగా పనిచేస్తుంటే దీన్ని కదిలించకండి, మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డు ఇక లేవకపోవచ్చు.

మధ్యలో కరెంటు పోతే! మామిడికాయల కాలంలో మా వైపు సాయంత్రమయ్యేసరికి గాలిదుమ్ము లేస్తుంది. కాయ రాలుతుంది, దాంతోపాటు కరెంటూ పోతుంది. వదిన యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయి నాలుగు నిమిషాలు కూసి చచ్చిపోతుంది. నాకు కావాల్సిన మాట దొరికింది. కదిలించకండి అన్నారు, కదిలించను. అదే పేజీలో కింద ఒక పట్టిక ఉంది. ఏ ప్రాసెసర్‌కి ఏ వెర్షన్ నుంచి బయోస్ ఉండాలో అందులో ఉంటుంది. పట్టిక ఉందని చూశాను. వేలితో కిందికి జరిపి పేజీ మూసేశాను. భయపడేవాళ్ళు చదివే పద్ధతి అలాగే ఉంటుంది, తమకి సరిపోయే వాక్యం దగ్గర ఆగిపోతారు. ఇలా ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉందని వదినకి కూడా చెప్పలేదు.

శుక్రవారం పొద్దున నాన్న పంచాంగం చూసి, "పదింటికి వర్జ్యం వెళ్ళిపోద్ది, ఆ తర్వాత మొదలుపెట్టు తల్లీ" అని స్కూల్లో ఏదో పనుందని వెళ్ళాడు. అమ్మ గుడికెళ్ళింది. హాల్లో చెక్కపీట వేసి దాని మీద కేబినెట్ పడుకోబెట్టాను. నాయనమ్మ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. వదిన చెయ్యి చాపబోతే, "ముట్టుకోకు వదినా, ముందు ఆ ఇనుము ముట్టుకుని రా" అన్నాను.

"ఎందుకే?" అంది నాయనమ్మ.

"ఒంట్లో కరెంటుంటుంది నాయనమ్మా. దానికి తగిలితే పాడవుద్ది."

"ఓసి, అయితే ఇదీ మడేనా! మా మడి కంటే మీ మడే గట్టిదిగా ఉందే."

వదిన పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూటలో నాకు గుర్తున్న మంచి నిమిషం అదొక్కటే.

పాత ప్రాసెసర్ మీదున్న ఫ్యాను ఊడదీస్తుంటే రాలేదు. గట్టిగా లాగాను. టప్పుమని వచ్చింది, దాని అడుగున ఆ ప్రాసెసర్ కూడా అంటుకుని వచ్చేసింది. వేడి లాగడానికి మధ్యలో రాసే పేస్టు ఎండి పట్టేసిందన్నమాట. కంప్యూటర్ కాసేపు నడిపి, వెచ్చగా ఉన్నప్పుడు మెల్లగా తిప్పుతూ తియ్యమని చదివాను కూడా. కంగారులో మర్చిపోయాను. పిన్నులు వంగలేదు. అది నా గొప్ప కాదు. దాన్ని విడదీసి, కొత్తది వచ్చిన పెట్టెలో పెట్టాను.

కొత్త ప్రాసెసర్ అంచులు పట్టుకుని అరచేతి మీద పెట్టుకున్నాను. అగ్గిపెట్టె అంత కూడా లేదు.

"ఇంతేనా? దీనికా ఇంత హడావిడి?" అని నాయనమ్మ లోపలికెళ్ళి భరిణె తెచ్చింది. వద్దని అనొచ్చు. మొహమాటపడ్డాను. ఆవిడ ఉంగరం వేలితో పైన రేకు మీద పసుపు చుక్క పెట్టి, కుంకుమ అద్ది, "చల్లగా పనిచెయ్ నాయనా" అంది దాంతో. పైరేకు మీద పేస్టు రాయాలి కాబట్టి, వదిన ఫోనొచ్చి వరండాలోకెళ్ళిన సమయంలో, ఆవిడ భరిణె లోపల పెట్టి వచ్చేలోపు ఆ బొట్టుని మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. నేనే తుడిచాను. పిన్నుల వైపు చూశాను, ఒక్క రేణువు కూడా లేదు. ఇది మర్చిపోకూడదు, అందుకే రాస్తున్నాను.

త్రికోణం త్రికోణంతో కలిసింది. దాని బరువుకి అదే దిగింది. సాకెట్ పక్కన ఉండే కడ్డీ దించాను, బఠాణీ గింజంత పేస్టు పెట్టాను, ఫ్యాను బిగించి తీగె తగిలించాను. అన్నీ రాసుకున్నట్టే. స్విచ్ వేశాను.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది.

మళ్ళీ ఆపి వేశాను. నలుపే. ఆ సమయానికి కరివేపాకు కోసం పక్కింటి పిన్నిగారు వచ్చింది. ఆవిడ, వదిన, నాయనమ్మ ముగ్గురూ నా వెనక నిలబడ్డారు.

"ఏంటి, రావట్లేదా?" అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ వారం రెండు ఆల్బమ్‌లు ఇవ్వాలి.

"మన ఇంజనీరమ్మ చేతికి దొరికిందిగా, వస్తుందిలే" అంది పిన్నిగారు నవ్వుతూ.

అందరూ నన్నే చూస్తున్నారు. మెడ మీద ఆ చూపులు వేడిగా తగిలాయి. నా నోట్లోంచి, ఎవరో నా వెనకనుంచి అన్నట్టు, మాట వచ్చేసింది.

"బొట్టు పెట్టారుగా. కుంకుమ కింద పిన్నుల్లోకి రాలిందేమో."

పిన్నిగారు మెల్లగా, "అందుకేనమ్మా, కొన్నిటికి కొందరి చెయ్యి పనికిరాదంటారు" అంది. పొడవాలని అన్నట్టు లేదు. వాతావరణం గురించి అన్నట్టు అంది.

నాయనమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. వేలికి ఇంకా పసుపు అంటుకునే ఉంది. పైటచెంగుతో తుడుచుకుని, "నాకు తెలీలేదే అమ్మా" అని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను పెరట్లోకి వెళ్ళి ఆ పట్టిక తెరిచాను. పావుగంట కూడా పట్టలేదు. మా ప్రాసెసర్ ఎదురుగా ఉన్న వెర్షన్ కొత్తది. మా బోర్డులో ఉన్నది, అది కొన్నప్పటిది. ఈ కొత్త ప్రాసెసర్ ఎవరో పాత బయోస్‌కి తెలీదు, అందుకే లేపలేదు. పాత ప్రాసెసర్ ఉండగానే ముందు బయోస్ మార్చి, ఆ తర్వాత దీన్ని వెయ్యాలి. పనిచేస్తున్నదాన్ని కదిలించకూడదన్న మాట నిజమే. కొత్త ప్రాసెసర్ వెయ్యబోతున్నవాళ్ళకి ఆ మాట వర్తించదన్నదీ నిజమే. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి.

అప్పుడే లోపలికెళ్ళి చెప్పి ఉంటే పావుగంట అబద్ధంతో పోయేది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. నాయనమ్మ ఇటు వీపు పెట్టి చింతపండు పీసు తీస్తోంది. "ఏం కావాలే?" అంది తిరక్కుండానే. "మంచినీళ్ళు" అన్నాను. తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. ముసునూరు రోడ్డులో స్తంభాలు పడ్డాయని, తోటల్లో కాయంతా నేలమీదే ఉందని నాన్న చెప్పాడు. మర్నాడు రోజంతా కరెంటు లేదు. స్టూడియో వాళ్ళు వదినకి మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి ఆల్బమ్ ఒకటి వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నామన్నారు. వదిన "సరేనండీ, సరేనండీ" అంటూ వరండాలో అటూ ఇటూ తిరిగింది.

ఆదివారం మధ్యాహ్నం, ఆకాశం తేటగా ఉండి కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, "శుభ్రం చేసి చూస్తాను" అని తలుపు దగ్గరగా వేసుకున్నాను. పాత ప్రాసెసర్ మళ్ళీ పెట్టాను, తెర వెలిగింది. పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త బయోస్ ఎక్కించాను. యూపీఎస్ నాలుగు నిమిషాలు ఆగుతుంది, ఇది మూడు నిమిషాల్లో అయిపోయింది. నేను అంత భయపడింది ఈ మూడు నిమిషాలకి. తర్వాత వెచ్చగా ఉండగానే ఫ్యాను మెల్లగా తిప్పి తీసి, కొత్త ప్రాసెసర్ వేశాను. ఈసారి వెంటనే వెలిగింది.

వదిన పరుగెత్తుకొచ్చింది. "వచ్చేసింది! ఏం చేశావు? కుంకుమేనా?"

"ఊఁ" అన్నాను.

ఒక్క అక్షరం. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. "పోన్లే, పాడవలేదు కదా. అదే పదివేలు" అని నవ్వింది. నామీద కోపం ఉన్నట్టు ఒక్క గీతైనా ఆ మొహంలో కనపడుతుందేమోనని చూశాను. లేదు.

ఆ రోజు డైరీలో, "కుంకుమ తుడిచాక పనిచేసింది" అని రాశాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. పుస్తకాల్లో అబద్ధాలాడే మనుషుల్ని చూసి ఎన్నిసార్లు పెదవి విరిచానో నాకే తెలుసు. ఎవరూ చదవని చోట కూడా నేను అబద్ధం రాసుకున్నాను.

తర్వాత రోజులు మామూలుగానే గడిచాయి, ఒక్క విషయంలో తప్ప. కొత్తావకాయ జాడీకి బొట్టు అమ్మ చేత పెట్టించింది నాయనమ్మ. గ్యాస్ బండ వస్తే ముట్టుకోలేదు. ఎవరూ పట్టించుకోలేదు, నేను తప్ప.

నాలుగు ఆదివారాలు తిరక్కుండానే వదినకి స్కూటీ వచ్చింది. అన్నయ్య షోరూమ్ నుంచి నడిపించుకొచ్చి గేటు ముందు ఆపాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పక్కింటి పిన్నిగారు గోడ మీద చేతులానించి చూస్తోంది. నాన్న, "అమ్మా! రా, నీకోసమే ఆగాం" అని కేకేశాడు.

లోపల్నించి గొంతు వచ్చింది. "నా కోడలు పెడుతుంది లేరా. మళ్ళీ నా కుంకుమ రాలి బండి ఆగిపోతే!"

అందరూ నవ్వారు. పిన్నిగారూ నవ్వింది. నాన్న ఒక్కడే నవ్వలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. ఆయన చెయ్యి జేబు మీద ఉంది. నాకు ఆ పాత స్కూటర్ గుర్తొచ్చింది. నేను చూడని రోజు అది, అయినా గుర్తొచ్చింది.

లోపలికి వెళ్ళాను. నాయనమ్మ మంచం అంచున కూర్చుని విసనకర్ర ఊపుకుంటోంది.

"నాయనమ్మా, ఆ రోజు కుంకుమ వల్ల కాదు" అన్నాను. "నేను ముందు చెయ్యాల్సిన పని ఒకటి చెయ్యలేదు. నీ బొట్టు నేను తుడిచేశాకే లోపల పెట్టాను. ఒక్క రేణువు కూడా పడలేదు."

విసనకర్ర ఆగింది. "ఎప్పుడు తెలిసింది?"

"తుడిచిన సంగతి అప్పుడే తెలుసు. మిగతాది పావుగంటకి తెలిసింది."

ఆవిడ నా కాళ్ళ వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను నమ్మేశానే" అంది. "నా చేతి మాట అనగానే నమ్మేశాను. నలభై ఏళ్ళు విన్నానుగా, అలవాటు." విసనకర్ర పక్కన పెట్టి, "నాకు చెవిలో చెప్తే ఏం లాభం? అన్నది అందరి ముందు కదా" అంది.

గేటు దాకా ఎంత దూరమో నాకు ఆ రోజే తెలిసింది. నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, గోడ మీద పిన్నిగారు.

"వదినా, ఆ రోజు బయోస్ వెర్షన్ పాతది. కొత్త ప్రాసెసర్‌కి సపోర్ట్ లేదు. అప్‌డేట్ చెయ్యకుండా…"

"అంటే ఏంటమ్మా? మాకర్థమయ్యేట్టు చెప్పు" అంది పిన్నిగారు.

నేను దాక్కోవడానికి మళ్ళీ ఆ మాటల వెనక్కే వెళ్ళానని అప్పుడు తెలిసింది. వాటిని వదిలేశాను.

"తప్పు నాది. నాయనమ్మ కుంకుమ వల్ల ఏమీ కాలేదు. అది తెలిసి కూడా అబద్ధం చెప్పాను."

వదిన మొహం ఎర్రబడింది. "రెండు రోజులు వాళ్ళ చేత మాటలు పడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చుగా?" అని పక్కకి తిరిగిపోయింది. అన్నయ్య వంగి చక్రాల కింద నిమ్మకాయలు సర్దాడు. పిన్నిగారు గోడ మీంచి చేతులు తీసేసి, "నేనూ ఏదో అనేశాను పాపం" అని గొణుక్కుంది. నాన్న నన్ను చూడలేదు. ఆ రోజంతా చూడలేదు. గుమ్మం వైపే తిరిగి, "అమ్మా, రా" అన్నాడు మళ్ళీ.

నాయనమ్మ భరిణె పట్టుకుని వచ్చింది. హెడ్‌లైటు మీద పసుపు చుక్క వంకరగా పడింది. వదిన దాన్ని అలాగే ఉంచి బండి తీసింది.

సాయంత్రం నాయనమ్మ వదిన గదిలోకి వచ్చింది. కంప్యూటర్ నడుస్తోంది. "దీనికి పెట్టింది తుడిచేశావన్నావుగా. మళ్ళీ పెట్టాలి" అంది.

"పెట్టు నాయనమ్మా."

"లోపల మీ మడి. పైన డబ్బా మీద పెడితే ఫరవాలేదా?"

ఫరవాలేదన్నాను. పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది, కాస్త వెలిసింది. డైరీలో ఆ అబద్ధపు పేజీ చింపలేదు, అలాగే ఉంచాను. వదిన నాతో మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. ఇప్పుడు నాయనమ్మ మళ్ళీ అన్నిటికీ బొట్టు పెడుతోంది. మొన్న కొత్త మిక్సీ వచ్చినప్పుడు కూడా ఆవిడే పెట్టింది. కాకపోతే ప్రతిసారీ పసుపు వేలు గాల్లో ఆపి నా వైపు తిరిగి, "పెట్టొచ్చా?" అని అడుగుతుంది.

ఇదివరకు ఎవర్నీ అడిగేది కాదు.